క్రావడి ఎటు పోయింది

ఆగస్టు 4, 2024, ఆదివారం

పొద్దున మూసేసిన ఇష్యూ ఒకటి రాత్రి పదకొండైనా మనసును వదలట్లేదు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే మా కన్వర్టర్ గురించి వచ్చిందది. ముగ్గురం, ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో నడుపుతున్న ప్రాజెక్టు. రిపోర్టులో ఇంగ్లీషులో ఒకే వాక్యం ఉంది: సరిగా పనిచేయడం లేదు, దయచేసి చూడండి. ఏ ఫాంటో లేదు, ఏ వెర్షనో లేదు. మూడు వారాల కిందట వివరాలు అడిగితే జవాబు రాలేదు. 'సమాచారం చాలదు' అని రాసి మూసేశాను.

సాయంత్రం ఎవరి దగ్గరో నా నంబరు పట్టుకుని ఆ రిపోర్టు పంపినాయనే ఫోన్ చేశారు. రాజమండ్రిలో ప్రెస్సు. రేపటి నుంచి శ్రావణం, శుభలేఖల పని మీద ఊపిరి సలపడం లేదట. "మేడం, 'చి.శ్రీ' అని కలిపి కొడితే క్రావడి వెళ్లి ముందున్న 'చి'కి తగులుకుంటోందండి. చుక్క తర్వాత ఖాళీ ఇస్తే బాగానే వస్తోంది. చుక్కకి ఆనుకుని ఉంటేనే తేడా" అన్నారు ఒక్క గుక్కలో.

ఏం కొట్టారో, ఏం రావాలో, ఏం వచ్చిందో, ఎప్పుడు రావట్లేదో, అన్నీ ఉన్నాయి అందులో. ఫోన్ పెట్టేసి సిస్టమ్ ముందు కూర్చుని అదే కొట్టాను. 'చ్రి.శీ' అని వచ్చింది. ఈ ఏడాది నాకు అందిన రిపోర్టుల్లో ఇంత మంచిది లేదు. ఇంత చక్కగా చెప్పగల మనిషి మా ఫారంలో ఒక్క వాక్యం రాసి ఎందుకు ఊరుకున్నట్టు?

ఆగస్టు 6, మంగళవారం

తప్పు దొరికింది. ఆయన వాడే ఫాంటులో క్రావడిని అక్షరానికి ముందే కొడతారు. యూనికోడ్‌లో అది అక్షరం తర్వాత పొల్లు, ఆ తర్వాత ర. మాట మొదట్లో ఉన్న క్రావడిని తర్వాతి అక్షరానికి చేర్చాలని మా కోడ్‌కు తెలుసు. కానీ మాట మొదలంటే ఖాళీ తర్వాతే అనుకుంది. చుక్క సంగతి మేమెవరం తలచుకోలేదు. సరిచేయడానికి పావుగంట పట్టింది.

తర్వాత మా బగ్ రిపోర్టు గైడ్ తెరిచాను. మూడేళ్ల కిందట రాసింది నేనే. మొదటి ప్రశ్న: ఏ కమిట్ మీద బిల్డ్ చేశారు? రెండోది: స్టాక్ ట్రేస్ జతచేయండి. మొత్తం ఇంగ్లీషులోనే. ప్రెస్సులో కూర్చుని మా సాధనాన్ని దించుకున్న మనిషి ఏ బిల్డ్ చేస్తాడు? ఆయనకు ఇంగ్లీషు చదవడం వచ్చు. కానీ క్రావడిని ఇంగ్లీషులో ఏమని రాయాలి? నాకే చప్పున తట్టలేదు. మాట దొరకనప్పుడు మిగిలేది 'పనిచేయడం లేదు' ఒక్కటే.

ఆగస్టు 10, శనివారం

సైమన్ టాథమ్ 1999లో బగ్ రిపోర్టుల మీద రాసిన వ్యాసం మళ్లీ చదివాను. పుట్టీ ప్రోగ్రాం రాసినాయన. రిపోర్టు పని ఆ తప్పును ప్రోగ్రామర్ కళ్లముందు జరిగేలా చేయడం, కుదరకపోతే అతనే జరిపించి చూసుకునేలా చెప్పడం అంటాడు. కళ్లతో చూసింది, మనసులో ఊహించింది కలిపేయొద్దంటాడు. పాతికేళ్లయినా ఒక్క ముక్క పాతబడలేదు. ప్రెస్సు ఆయన ఈ వ్యాసం చదివి ఉండరు. అయినా చూసిందే చెప్పారు, ఊహ ఒక్కటీ కలపలేదు.

గైడ్ మొదటినుంచీ రాయాలి, తెలుగులో. పైన వెర్షన్ అంకె, కింద నాలుగే ప్రశ్నలు: ఏ ఫాంటు ఫైలు? ఏ మాట దగ్గర తేడా వచ్చింది? ఎలా రావాలి? ఎలా వచ్చింది? కమిట్లూ ట్రేసులూ కోడ్ తెలిసినవాళ్లకు వేరే పేజీలో.

ఆగస్టు 11, ఆదివారం

మైసూరులో ఉన్న మా సహచరుడు అభ్యంతరం చెప్పారు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదవగలరు, అర్థం తెలియదు. తెలుగు రిపోర్టులు వస్తే తన సంగతేమిటని. న్యాయమైన మాటే. ప్రతి తెలుగు రిపోర్టు కింద రెండు వాక్యాల ఇంగ్లీషు సారం నేను రాస్తానన్నాను. దానితోపాటు ఒక పట్టిక కూడా మొదలుపెట్టాను: తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, వట్రుసుడి, క్రావడి, పొల్లు. ఒక్కో పేరు పక్కన దాని ఆకారం, యూనికోడ్‌లో అది వచ్చే వరుస. బడిలో పలక మీద దిద్దుతూ నేర్చుకున్న పేర్లివి. అక్షరంలో ఏ ముక్క ఎటు పోయిందో చెప్పడానికి వీటికంటే కచ్చితమైన మాటలుంటాయా? ఇన్నాళ్లూ వీటిని గైడ్ గుమ్మం బయటే నిలబెట్టాను.

ఆగస్టు 13, మంగళవారం

స్క్రీన్‌షాట్ గురించి రాయడానికి సాయంత్రమంతా పట్టింది. అందరూ పంపేది అదే, వాట్సాప్‌లో. వద్దనకూడదు, తేడా ఎక్కడుందో చూపించేది బొమ్మే. కానీ బొమ్మలో కనపడనివి ఉంటాయి. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో 'ట్'కీ 'వే'కీ మధ్య కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. అది లేకపోతే 'సాఫ్ట్వేర్' అని వకారం ఒత్తుగా కిందికి దిగుతుంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వమూ దాని కింది ముక్కా విడివిడిగానూ రాయొచ్చు. చూపుకి రెండూ ఒకటే, వెతికితే మాత్రం ఒకటి దొరికి ఇంకొకటి దొరక్కపోవచ్చు.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూలదోసిన తెలుగు అక్షరం గుర్తొచ్చింది. జ, పొల్లు, ఞ, ఆ కనపడని నాన్ జాయినర్, దీర్ఘం. ఆ ఐదూ ఆ వరుసలో పడితే ఐఓఎస్ 11.2.5 మీద యాప్ ఆగిపోయేది. బొమ్మ చూసి నాన్ జాయినర్ ఉందని ఎవరు చెప్పగలరు? అక్షరాన్ని ముక్కలుగా విడదీసి చూసినవాళ్ల వల్లే బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి వరుసలున్నాయని తెలిసింది. ఆ నెల 19న వచ్చిన 11.2.6లో సరిచేశారు.

చివరికి రాసింది ఇంతే: 'బొమ్మ పంపండి. తేడా వచ్చిన మాటను కాపీ చేసి దాని కింద అతికించండి.' కారణం రెండు వాక్యాల్లో చెప్పాను. ఎందుకో తెలిస్తే మనుషులు చేస్తారు.

ఆగస్టు 18, ఆదివారం

వరలక్ష్మీ వ్రతం హడావిడి అయ్యాక ప్రెస్సు ఆయన గంట సమయమిచ్చారు. వీడియో కాల్‌లో కొత్త గైడ్ చదివించి, నేను నోరు మెదపకుండా కూర్చున్నాను. ఎక్కడ ఆగుతారో చూడాలని.

మూడుచోట్ల ఆగారు. మొదటిది వెర్షన్. మెనూలన్నీ తెరిచి మూసి, "ఎక్కడుంటుందమ్మా?" అన్నారు. మేడం పోయి అమ్మా వచ్చినందుకు సంతోషమేసింది. దానికి గైడ్‌లో ఇంకో పేరా రాయడం దండగ. ప్రోగ్రాం కిటికీ అడుగునే వెర్షన్ అంకె, పక్కన 'వివరాలు కాపీ చేయి' బటన్ పెడితే సరి.

రెండోది ఫైలు. "పార్టీ వాళ్ల కార్డు పంపించెయ్యనా?" అన్నారు. నా గుండె ఝల్లుమంది. అందులో పెళ్లివారి పేర్లు, ఇంటి చిరునామా, ఫోన్ నంబర్లు. మా రిపోర్టులు ఎవరైనా చూడొచ్చు. ఈ మాట పాత గైడ్‌లో ఎక్కడా లేదు. తేడా వచ్చిన ఒక్క లైనునే కొత్త ఫైలులో పెట్టి పంపమని అన్నిటికంటే పైన రాశాను. చిన్న ఫైలైతే తప్పు వెతకడం మాకూ తేలిక.

మూడోది చివర. "పంపాక ఏమవుతుంది?" అని అడిగారు. మూడేళ్లలో ఆ ప్రశ్న నాకు రాలేదు. శని, ఆదివారాల్లో చదువుతామనీ, చదివినట్టు జవాబిస్తామనీ, అన్నీ సరిచేయలేకపోవచ్చనీ, సరిచేసినవి ఏ వెర్షన్‌లో వస్తాయో రాస్తామనీ చేర్చాను.

ఆగస్టు 25, ఆదివారం

కొత్త వెర్షన్ పెట్టాం. బటన్ ఉంది.

ఆ పాత ఇష్యూని మళ్లీ తెరిచాను. ఆయన్ని అడిగి, ఫోన్లో చెప్పిన మాటలు చెప్పినట్టే కింద రాశాను. 'సమాచారం చాలదు' తీసేశాను. 'చి.శ్రీ'ని పరీక్షల జాబితాలో చేర్చాను. ఇకముందు ఎవరు కోడ్ మార్చినా ఆ మాట సరిగా వస్తేనే ముందుకు పోతుంది. సరిచేసిన వెర్షన్ అంకె రాసి ఇష్యూ మూసి, ఆయనకు ఫోన్ చేశాను. కార్డులు ఆరబెడుతున్నారట. "ఉండమ్మా, ఇప్పుడే చూస్తా" అని లైన్లో ఉంచి, కీబోర్డు టకటకలాడించారు. "పడిందమ్మా, శకారానికే పడింది" అన్నారు.