ఒక్క గాలము, ఒక్క ఎర

మేము ఈ పాఠశాలను విడిచి యిరువది యేండ్లు దాటినను, సంపాదకులవారు మమ్మును మఱవక, ఈ సంవత్సరపు సంచికకొక వ్యాసము పంపుమని వ్రాసిరి. దూరదేశములందున్న పూర్వవిద్యార్థులు సాధారణముగా తమ యుద్యోగములను గూర్చియో, తాము చూచిన నగరములను గూర్చియో వ్రాయుదురు. మా యుద్యోగము చెప్పదగినంత వినోదకరమైనది కాదు. కావున చేపలు పట్టుటను గూర్చి వ్రాయ నిశ్చయించితిమి. భూగోళశాస్త్రపు గంటలో కిటికీగుండ చెఱువువైపు చూచుచు పలుమాఱులు దండనమునొందిన మమ్మెఱిగిన మిత్రులకు ఇది యాశ్చర్యము కలిగింపదు.

మేమిప్పుడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, డల్లాసు నగరమునకు చేరువను కాపురముండుచున్నాము. ఆ దేశమున గాలమువేయువారికి మిక్కిలి ప్రియమైనది బాసు అను మంచినీటి చేప. అందును పెద్దనోటి బాసు ముఖ్యము. ఆకుపచ్చని మేను, ప్రక్కను తలనుండి తోకదాక సాగిన నల్లని చార, కన్నుదాటి వెనుకకు పోయిన దవడ, ఇవి దాని గుఱుతులు. మన కొరమీనునకును దానికిని కులసంబంధము లేదు గాని, గుణములలో రెండును అన్నదమ్ములే. రెండును నాచులోను, మునిగిన మోడుల ప్రక్కను పొంచియుండి, ఎదుటబడిన చిన్నచేపనో కప్పనో ఒక్క దుముకున మ్రింగును. 1932వ సంవత్సరము జూను 2వ తేదిని జార్జియా రాష్ట్రమున జార్జి పెర్రీ యనునాతడు 22 పౌనుల 4 ఔన్సుల బాసును పట్టెను. 2009లో జపానుదేశపు బీవా సరస్సున మనాబు కురీతా యనునాతడు దానితో సరితూగు చేపను పట్టువఱకు ఆ కీర్తికి సాటి లేకుండెను. మేము పట్టినవి చెప్పుకొనదగినవి కావు.

ఇంక ఎరల సంగతి. అచ్చటి దుకాణములలో ఈ బూటకపు ఎరలు ఒక గోడ నిండ వ్రేలాడుచుండును. కొయ్యవి, లోహపువి, రబ్బరువి, ప్లాస్టికువి. కప్పవలె దుముకునవి కొన్ని, గాయపడిన చేపవలె ఒఱగునవి కొన్ని. మన యూరి రచ్చబండమీద ఎడ్ల జాతులను గూర్చి వాదించునట్లు, అచ్చటివారు “ఒక్కటే ఎర యుండవలసినచో ఏది?” యని వాదించుచుందురు. ఎవరికిని నిజముగా ఒక్కటే యుండదు; పెట్టెల నిండ నుండును. అందుచేత ఆ వాదమునకు అంతము లేదు. మాకు మాత్రము ఒకానొక వసంతమున ఆ ప్రశ్న నిజముగానే యెదురైనది.

2018వ సంవత్సరము మార్చినెలలో మా నాయన మాయొద్దకు వచ్చెను. అంతకు నాలుగు మాసములకు ముందు మా యమ్మ గతించినది. ఊరిలో ఒంటరిగా నుండనీయక బలవంతముగా పిలిపించితిమి. ఆయన వచ్చెనేకాని మాటలాడడాయెను. ప్రొద్దున లేచి వాకిటి మెట్టుమీద కూర్చుండును. భోజనమునకు పిలిచిన వచ్చును. తిరిగిపోయి యచ్చటనే కూర్చుండును. మా కుమారునికి అప్పుడు తొమ్మిదేండ్లు. వానికి తెలుగు వినిన తెలియును గాని పలుకుటకు నాలుక తిరుగదు. తాతకు ఇంగ్లీషు రాదు. ఇద్దఱును ఒకే గదిలో నుండి ఒకరినొకరు చూచి నవ్వుకొని యూరకుందురు. అది చూచుట మాకు మౌనముకంటె కష్టముగా నుండెను.

నాయన యౌవనమున మా యూరి చెఱువున కొరమీనులు పట్టుటలో పేరుపొందినవాడు. రాత్రి కప్పను గుచ్చిన గాలమును తుంగలో కట్టివచ్చి, తెల్లవాఱకముందే పోయి తీయుచుండెను. ఆ సంగతి తలచి యొకదినమున ఇద్దఱిని దుకాణమునకు తీసికొనిపోతిమి. నాయన ఆ గోడను చాలసేపు చూచి, “వీనిలో తినదగినది ఏదిరా?” యని యడిగెను. ఏదియు లేదంటిమి. “కప్ప నిచ్చినయెడల చచ్చుటకుముందు చేపకొక ముద్దయైనను దక్కును గదా! ఇచ్చట అదియు లేదా?” యనెను. వచ్చినది మొదలు ఆయన పలికిన మాటలలో అదియే దీర్ఘమైనది. దానికి మాయొద్ద సమాధానము లేకపోయెను.

చిక్కు ఏమనగా, ఆయన కన్నులకు సన్నని దారము కనబడదు. ముడివేయుటకు వ్రేళ్లు వణకును. పిల్లవానికి ఓపిక లేదు. మాటిమాటికి ఎర మార్చవలసినచో మా దినమంతయు ముడులు వేయుటతోనే సరిపోవును. కనుక ఇంటివద్దనే యొక్క యెరను గట్టిగా కట్టుకొనిపోయి, సాయంకాలమువఱకు దానితోనే ఇద్దఱును పట్టుకొనవలెను. ఆ యెర నేర్పరికే గాక ముసలివానికిని బాలునికిని లొంగునదిగా నుండవలెను.

మేము పోయినది ఫోర్కు సరస్సు. 1980లో ఆనకట్ట కట్టి నీరు నిలిపిన జలాశయమది. చెట్లనేకము నఱకకయే నీరు నింపుటచేత నేటికిని వేలకొలది మోడులు నీటిలో నిలిచియుండును. 18 పౌనులకు పైబడిన టెక్సాసు రాష్ట్రపు బాసు 1992లో ఇచ్చటనే దొరకినది. చేపలకు ఆ మోడులు కోట, గాలములకు మృత్యువు.

మొదట మేము కట్టినది చేపయాకారమున నుండు క్రాంక్‌బెయిట్. దాని మూతిక్రింద చిన్న పలక యుండును. దారమును చుట్టుకొలది నీరు ఆ పలకకు తగిలి, ఎర అటునిటు ఊగుచు లోతునకు దిగును. ఈ కుటుంబపు ఎరలయెడ మాకు ఒక విధమైన గౌరవము కలదు. 1936లో ఫిన్లాండు దేశపు బీదజాలరి లౌరి రాపాలా, గాయపడిన చిన్నచేప యొఱగి యీదుటను, దానినే పెద్దచేపలు ముందుగా పట్టుటను గమనించి, బెరడును చెక్కి, చాక్లెట్టుపై చుట్టు రేకును అంటించి, ఛాయాచిత్రముల ఫిల్మును కరగించి పూతగాబూసి తన మొదటి యెరను చేసెను. చరిత్ర గొప్పదే, కాని మాకు మూడేసి కొక్కెముల గుత్తులు రెండు వ్రేలాడు ఆ యెర మోడులలో చిక్కుకొన్నది. మధ్యాహ్నమునకు మూడు పోయినవి. పిల్లవాడు కంటనీరు పెట్టుకొనెను. నాయన పడవ అంచున కూర్చుండి మఱల మౌనమువహించెను.

రెండవ వారమున స్పిన్నర్‌బెయిట్ కట్టితిమి. ఇది పెద్ద పిన్నీసును తెఱచినట్లుండు తీగ. ఒక కొమ్మకు ఆకువంటి లోహపు రేకు, రెండవకొమ్మకు సీసపు తల, కొక్కెము, దానిపై రబ్బరు కుచ్చు. చుట్టుచున్నప్పుడు రేకు గిరగిర తిరిగి నీటిని కదల్చును. చేపలకు ప్రక్కలనుండు స్పర్శరేఖ ఆ కదలికను పసిగట్టుటచేత, బురదనీటిలో సహితము చేప దీనిని కనుగొనును. తీగ ముందు పోవుచు కొక్కెమును కాపాడును గనుక మోడులలో అంతగా చిక్కదు. విసరి చుట్టుటకంటె వేఱు విద్య అక్కఱలేదు. పిల్లవాడు మొదటి గంటలోనే రెండు చేపలను పట్టి పడవ అదరునట్లు గంతులువేసెను. నాయనకు మాత్రము అది రుచింపలేదు. విసరి విసరి భుజము నొచ్చెను. “ఇది చేపను పిలుచుట కాదు, చాటింపు వేయుట” యనెను.

మూడవది ప్లాస్టికు వానపాము. 1949లో ఒహైయో రాష్ట్రపు ఆక్రన్ పట్టణమున నిక్ క్రీమ్ అను యంత్రపు పనివాడు ఇంటనే మూసలలో పోసి చేసినది. ఆఱేడంగుళముల పొడవు, వేలితో నొక్కిన అణగు మెత్తదనము. టెక్సాసువారు దీనిని గ్రుచ్చు పద్ధతి వేఱు. దారమునకు తూటావంటి సీసపు గుండు నెక్కింతురు; కొక్కెపు మొనను పురుగు తలలో గ్రుచ్చి బయటికి తీసి, త్రిప్పి, మఱల దాని మేనిలోనే దాచుదురు. మొన బయటికి కనబడదు గనుక మోడుల నడుమను నాచులోను నిర్భయముగా వేయవచ్చును. చేప కొఱికి మనము లాగినప్పుడు మొన మెత్తని మేనిని చీల్చుకొని వచ్చి నాటుకొనును. వేయువాడు తొందరపడరాదు. అడుగునకు దిగనిచ్చి, కఱ్ఱ కొనను మెల్లగా నెత్తి, మఱల దిగనీయవలెను. తఱచుగా అది దిగుచున్నప్పుడే చేప పట్టును. అప్పుడు దారమున ఒక చిన్న “టుక్కు” మను చప్పుడు చేతికి తెలియును; చెవికి కాదు.

అది మా నాయన యెఱిగిన విద్యయే. కన్నులతో పనిలేదు. వణకు వ్రేళ్లే దారముమీద నిలిచి స్థిరమైనవి. ఎన్నడు పట్టెనో మాకు తెలియకముందే ఆయన కఱ్ఱను పైకెత్తెను. పదునెనిమిది అంగుళముల బాసు. పిల్లవాడు కేకవేసెను. కాని ఆ సరస్సున పదునాఱు అంగుళములకును ఇరువదినాలుగు అంగుళములకును నడుమనున్న బాసును ఉంచుకొనరాదని శాసనము. విడువవలెనని చెప్పగా నాయన మా ముఖమువంక, పిచ్చియెత్తినదా యని చూచినట్లు చూచెను. పిదప తానే క్రిందిదవడ పట్టి నీటిలోనికి వంగి విడిచెను. “మీ యమ్మ యుండిన నన్ను ఇంటికి రానీయదు” అనెను. అటుపిమ్మట ఆమె బూడిదతోను ఉప్పుతోను కొరమీనును రుద్ది జిగురు పోగొట్టుటను, మామిడికాయవేసి వండిన పులుసును మనుమనికి చేతులతో చూపుచు చెప్పెను. వాడు ఎంత గ్రహించెనో గాని, కదలక వినెను.

ఏప్రిలు నెలలో ఒకనాడు ఒడ్డునకు చేరువను, మోకాలిలోతు నీటిలో, నేల శుభ్రముగా ఊడ్చినట్లు గుండ్రముగా నుండి, దానిమీద ఒక బాసు కదలక నిలిచియుండుట కనబడెను. పిల్లవాడు విసరబోగా నాయన వాని చేయి పట్టుకొనెను. కొరమీను తన ఎఱ్ఱని పిల్లల గుంపుక్రింద కావలియుండుటను ఆయన ఎఱుగును; ఆ సమయమున దానిని పట్టుట మా యూర తప్పుగా నెంచెడివారు. “ఇది తల్లియా?” యని మమ్మడిగెను. కాదు, తండ్రి, గ్రుడ్లు పెట్టి తల్లి పోవును, పిల్లలు పొదిగి యీదువఱకు తండ్రి యొక్కడే కాచును అని చెప్పితిమి. చెప్పిన పిదప చెప్పకుండవలసినదని తోచినది. నాయన చాలసేపు ఆ చేపను చూచెను. తరువాత పడవను త్రిప్పుమనెను. ఇంటికి వచ్చునపుడు త్రోవపొడుగునను మాటలాడుచునే యుండెను.

కనుక, ఒక్కటే యెర యుండవలసినచో మేము వానపామునే కోరుదుము. చలికాలమున అడుగునను, వేసవిలో నాచు అంచునను అది పనిచేయును. వెలయు స్వల్పము. మా కుమారుడు ఇందులకొప్పుకొనడు. వానకు నీరు మురికియైనప్పుడు వాని స్పిన్నర్‌బెయిటే మేలని మేమును అంగీకరింపవలసివచ్చినది. రంగుల విషయమున మాత్రము ఎవరును డబ్బు వ్యర్థముచేయరాదు. బాసు ఎఱుపును ఆకుపచ్చను చక్కగా గుర్తించును గాని నీలమునకును నలుపునకును భేదమును సరిగా కనుగొనలేదని పరీక్షలలో తేలినది. దుకాణములో నూఱు రంగులమ్మువారికి ఈ సంగతి తెలియదని మేమనము. చిరిగిన పురుగులను నీటిలో పాఱవేయక జేబులో వేసికొనుట మంచిది; అవి కుళ్లవు.

సెప్టెంబరులో నాయన తిరిగి ఊరికి పోవుచు, ఊదారంగు పురుగుల పొట్లమొకటి పంచెల నడుమ పెట్టుకొనిపోయెను. నెలదినములకు టెలిఫోనుచేసెను. మనుమనినే పిలువుమనెను. మన చెఱువు కొరమీనునకు పండ్లు గట్టివి; నాలుగు పురుగుల తోకలు కొఱికి తీసికొనిపోయినదట. అయిదవదానికి పట్టువడినదట. కట్టమీద నిలిచి దానిని నీటిలో విడువగా ఊరివారందఱు నవ్విరట. పిల్లవాడు తనకు వచ్చిన తెలుగులో, “ఎన్ని అంగుళములు తాతయ్యా?” యని యడిగెను. “కొలువలేదురా,” యని బదులువచ్చెను, “పొట్లమయిపోయినది. ఇంకొకటి పంపుమని మీ నాన్నతో చెప్పుము. ఊదాదే.”