ఆదివారం మానేసే మాత్ర

గుండె బలహీనపడిన పెద్దవాళ్ళు కొందరు సరిగ్గా సోమవారం నాడే ఆయాసంతో మా క్లినిక్‌కు వస్తారు. పాదాలు వాచి ఉంటాయి. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా కూర్చునే తెల్లవార్చామంటారు. ఆదివారం భోజనంలో పడిన ఉప్పు కొంత కారణమే గానీ, అసలు సంగతి నాకు ఒక రిటైర్డు మాస్టారు చెప్పారు.

ఆయనది గుంటూరు దగ్గర ఒక లూథరన్ సంఘం. డెబ్బై దాటినా సంఘపెద్దగా కానుకల లెక్క ఇప్పటికీ ఆయనే చూస్తారు. "మాత్రలన్నీ వేసుకుంటున్నారా మాస్టారూ?" అంటే కాసేపు తటపటాయించి, "ఆదివారం మాత్రం నీళ్ళ మాత్ర వేసుకోనమ్మా. ఆరాధన అయ్యేసరికి మూడు గంటలు పడుతుంది. ప్రభుబల్ల ఉన్న వారం ఇంకా ఆలస్యం. మధ్యలో లేచి ఎక్కడికని వెళ్ళను?" అన్నారు. ఆ గుడికి మరుగుదొడ్డి లేదు. ఫ్రూసెమైడ్ అనే ఆ నీళ్ళ మాత్ర వేసుకున్న గంటలోపే పని మొదలుపెడుతుంది, ఆరు గంటల దాకా దాని ప్రభావం ఉంటుంది. ఆయన భయంలో న్యాయముంది. ఆదివారం ఒక్కరోజు ఆ మాత్రను గుడినుంచి ఇంటికొచ్చాక మధ్యాహ్నం వేసుకోమన్నాను. సోమవారం ఆయాసం తగ్గింది. ఇప్పుడు చర్చికి వెళ్ళే పెద్దవాళ్ళెవరికైనా ఆరాధన ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుందో కనుక్కోందే నీళ్ళ మాత్ర రాయను.

శ్రమదినాల్లో ఇబ్బంది వేరు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ వరకు, ఆదివారాలు పోను నలభై రోజులు. ఎంతోమంది పెద్దవాళ్ళు ఒంటిపూట భోజనంతో ఉంటారు. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలు మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటాయి. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడింటి దాకా ఏడు మాటల ఆరాధన జరుగుతుంది. ఒక ఏడాది ఆ ఎండలో, ఖాళీ కడుపుతో కూర్చున్న పెద్దాయన ఒళ్ళంతా చెమటలు పట్టి పక్కకు ఒరిగారు. ప్రార్థనలో లీనమయ్యారనుకున్నారు చుట్టుపక్కలవాళ్ళు. వెనక వరసలో ఉన్న ఒక నర్సమ్మ షుగరు పడిపోయిందని కనిపెట్టి, ఇంకా స్పృహ ఉండగానే చక్కెర నీళ్ళు తాగించింది. ఉపవాసం ఉండాలనుకునేవాళ్ళు వారం రోజుల ముందే డాక్టరును కలవాలి. మాత్ర మార్చడమో మోతాదు తగ్గించడమో చేయవచ్చు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళకు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకు ఉపవాసం వద్దనే చెబుతాను. నా మాట వినకపోతే పాస్టరు అయ్యగారి చేత చెప్పిస్తాను. స్వస్థత కూటానికి వెళ్ళొచ్చి బీపీ మాత్రలు ఆపేసిన ఒకామె చేత మళ్ళీ వేయించింది కూడా వాళ్ళ పాస్టరు గారే.

ఇవి మందులతో సర్దుబాటయ్యే విషయాలు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటుంది.

స్త్రీల సమాజంలో పెద్దావిడ ఒకామె నాకు పాత పేషెంటు. అన్నం వండిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం విడిగా తీసిపెట్టి ఆదివారం గుడికి పట్టుకెళ్ళే తరం ఆవిడది. సంఘంలో ఎవరు ఆసుపత్రిలో ఉన్నా వెళ్ళి పలకరించి, ప్రార్థన చేసి వచ్చేది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక మళ్ళీ నడిచింది కూడా. అప్పుడు సంఘంవాళ్ళు ప్రేమతోనే, "ఇంక మీరు విశ్రాంతిగా ఉండండి అమ్మగారూ" అని శాలువా కప్పి, ముందు వరసలో కుర్చీ వేసి, ఆవిడ పనిని వయసులో ఉన్నవాళ్ళకు అప్పగించారు. పిల్లలు అమెరికాలో ఉంటారు. కొన్ని నెలల్లోనే మనిషి చిక్కిపోయింది. నిద్ర లేదు, అన్నం సయించదు, అడిగినదానికి తప్ప మాట్లాడదు. థైరాయిడ్, బీ12, రక్తం, అన్నీ చూశాం. ఏ లోపమూ లేదు. అది డిప్రెషన్. మందు మొదలుపెట్టి, ఆవిడ అనుమతితో వాళ్ళ పాస్టరు గారితో మాట్లాడి, కూర్చుని చేయగలిగే పని ఏదైనా ఆవిడకు ఇమ్మని అడిగాను. ఆయన మంచంపట్టిన సంఘస్తుల ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాలతో రాయించి ఇచ్చి, రోజూ ఇద్దరితో మాట్లాడి ప్రార్థన చేయమన్నారు.

తరవాత వచ్చినప్పుడు, "తొందరగా పంపించు డాక్టరమ్మా, పదకొండింటికి ఒకామె నా ఫోన్ కోసం ఎదురుచూస్తా ఉంటది" అంది. ఇంకో నెలకు నాకే ఫోన్ చేసి, ఫలానా సందులో పెద్దాయనకు నిన్నటినుంచి మాట తడబడుతోందని చెప్పింది. వెంటనే ఆసుపత్రికి పంపిస్తే పక్షవాతమని తేలింది. ఒంటరిగా ఉంటున్న ఆయన మాటలో తేడాను ఆవిడకన్నా ముందు ఎవరూ గమనించలేదు. ఆవిడ కోలుకున్నది మందు వల్లా, పని వల్లా అంటే, రెండిటివల్లా అని నా నమ్మకం.

ఇక్కడ లూథరన్ మిషన్‌ను మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చారు. యాభై దాటాక అమెరికాలో వైద్యం చదువుకుని తిరిగొచ్చారు. రాజమండ్రి మిషన్ చేజారిపోబోతోందని తెలిసినప్పుడు, 1869లో, 76 ఏళ్ళ వయసులో మళ్ళీ ఓడెక్కి వచ్చారు. ఆ వయసులో ఆయనకు శాలువా కప్పి కూర్చోబెట్టి ఉంటే రాజమండ్రికి ఎవరు వచ్చేవారు? అలాంటి మనిషి పేరు తలుచుకునే సంఘాల్లో పెద్దవాళ్ళను గౌరవం పేరుతో ఖాళీగా కూర్చోబెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. మోకాళ్ళు అరిగితే మోకాళ్ళతో చేసే పని మానిపించాలి. కానుకల లెక్కకు, పిల్లలకు కీర్తనలు నేర్పడానికి, కొత్తగా పెళ్ళైనవాళ్ళతో మాట్లాడడానికి మోకాళ్ళతో పనిలేదు.

సంఘపెద్దలకు నా మనవి. వచ్చే ఏడాది లెక్కల్లో రంగులకూ మైకులకూ కన్నా ముందు గుడి పక్కనే ఒక మరుగుదొడ్డికి, మెట్ల దగ్గర పట్టుకోవడానికి ఒక కమ్మీకి డబ్బు కేటాయించండి. పెద్దవాళ్ళకు శాలువా కప్పే రోజున, వాళ్ళు ఇంకా ఏ పని చేయాలనుకుంటున్నారో వాళ్ళనే అడిగి, ఆ పని వాళ్ళకే ఇవ్వండి.