అమ్మ ఎత్తుకు స్టవ్ కట్ట

మా పావగడలో ఎటు చూసినా రాయే. కోట ఉన్న కొండంతా ఒకే బండలా కనిపిస్తుంది. అయినా మా వంటింట్లో వేసిన బండ మాత్రం ఆంధ్రాలోని తాడిపత్రి నుంచి వచ్చింది. అందరూ కడప బండ అంటారు. గ్రానైటు కంటే చవక అని అదే తెచ్చుకున్నాం.

అమ్మ ఇన్నాళ్ళూ కింద కూర్చొనే వండేది. మోకాళ్ళు అరిగినాయి, నేల మీద కూర్చోవద్దని డాక్టరు చెప్పినాడు. నాయనకు గోడ పని కొంచెం తెలుసు. కూలి డబ్బులైనా మిగులుతాయని నాయన, మామ, నేను కలిసి ఎండాకాలం సెలవుల్లో మేమే కట్ట కట్టినాం.

తగువంతా ఎత్తు దగ్గరే. "మా ఇంట్లో 33 అంగుళాలు. అంతే పెట్టండి" అన్నాడు మామ. అమ్మ పొట్టిది. పైగా కట్ట మీద స్టవ్, స్టవ్ మీద కుండ, ఎత్తు పెరుగుతూనే పోతుంది కదా! అందుకని ఇటుకలు పేర్చి, పైన పలక వేసి, స్టవ్ పెట్టి, సంగటి కెలికినట్టు తెడ్డు తిప్పమన్నాం. అన్నం ఏ ఎత్తులోనైనా ఉడుకుతుంది గానీ, రాగి సంగటికి పైనుంచి బలం పెట్టాల. 33 దగ్గర అమ్మ భుజాలు చెవుల దాకా లేచినాయి. ఒక్కో వరస ఇటుకలు తీస్తూ వచ్చినాం. 28 దగ్గర "ఇప్పుడు చెయ్యి ఆడుతుంది" అంది. అక్కడే గోడ మీద బొగ్గుతో గీత గీసినాను. నేను వండితే నడుం వంచాల్సిందే. అది తర్వాత మాట.

బండ ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళంపావు మందం. సాంద్రత లెక్కన దాదాపు 95 కిలోలు. పడుకోబెట్టి మోస్తే నడిమికి విరుగుతుందని నలుగురం నిలువుగా పట్టి తెచ్చినాం. కింద మూడు ఇటుక గోడలు. రసమట్టం పెట్టి చూసి, వారం రోజులు గోడలకు నీళ్ళు కొట్టినాం. అన్నాళ్ళూ అమ్మ పొద్దున లేస్తూనే "ఆరిందా?" అని అడిగేది.

అంగడిలో అంచులు కోసేటప్పుడు నీళ్ళు పోస్తూ కోయమని నాయన పట్టుబట్టినాడు. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు. ఈ జబ్బు వల్లనే ఆస్ట్రేలియాలో వంటింటి కట్టలకు వాడే కృత్రిమ రాయిని 2024 జులై 1 నుంచి నిషేధించినారు.

మిగిలిన ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి కాసేపుంచితే మెరుపు పోయి మచ్చ పడింది. కడప బండ సున్నపురాయి జాతి. ఆమ్లం తగిలితే కాల్షియం కార్బొనేట్ కరుగుతుంది, పదో తరగతి పాఠమే. అందుకే మా ఇంట్లో చింతపండు నానేసిన గిన్నె కింద పళ్ళెం ఉంటుంది. నెలకోసారి అమ్మ చెనిక్కాయల నూనె రుద్దుతుంది, బండ నల్లగా నిగనిగలాడుతుంది.

మొన్న అత్త వచ్చి మా కట్ట ముందు నిలబడి తెడ్డు తిప్పి చూసింది. ఇప్పుడు వాళ్ళింట్లో స్టవ్ ముందు పీట వేసుకొని, దాని మీద నిలబడి సంగటి కెలుకుతోంది.