గూడు, కూడు

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా హోసూరులో తెలుగు కవి సమ్మేళనం పెట్టినారు. నేనూ 'అవ్వ గూడు' అనే కవితతో పోయినాను. మా ఇంట్లో తెలుగే. 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. నాకు తెలుగు మాట ఉంది, రాత రాలేదు. కవితను తమిళ అక్షరాల్లోనే రాసుకున్నాను. తమిళంలో క, గలకు ఒకటే అక్షరం. కంగారులో 'అవ్వ కూడు' అని చదివేసినాను. అందరూ నవ్వినారు. అవ్వ నవ్వలేదు.

"నాకు సదువు లేదు. నీకుండీ మన అచ్చరాలు రాకపోతే ఎట్లా పాపా?" అనింది.

మరుసటి వారం వర్క్‌షాపులో చిన్నపిల్లల పక్కన కూర్చుని అ, ఆ దిద్దినాను. వాళ్లిచ్చిన కథల పుస్తకం సెలవులంతా కూడబలుక్కుంటూ అవ్వకు చదివి వినిపించినాను.

తెలుగు అక్షరాల్లో నేను రాసిన మొదటి వ్యాసం ఇదే. 'గూడు' సరిగ్గానే రాసినాను, చూడండి.