లేచిపోదామా, అమ్మమ్మా?

నిన్న సాయంత్రం గోడ అవతల పిన్నిగారి మనవరాలు ఏం చేసిందో చెప్పనా? గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతోంది కదా, సెలవులకు బందరు వచ్చింది. అరుగు మీద కుర్చీలో కూర్చుని గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్న పిన్నిగారి మెడ చుట్టూ చేతులేసి, "అమ్మమ్మా, లేచిపోదామా?" అంది. ఆవిడ చేతిలో కాయ ఆగితేనా! "మోకాళ్ళరిగి కుర్చీలోంచి లేవడమే గగనంగా ఉంటే, లేచిపోవడం కూడానా!" అన్నారు.

ఇవతల బట్టలు తీసుకుంటున్న నేను ఉండబట్టలేక, "ఆ మాట ఎక్కడిదో తెలుసుటే?" అన్నాను. "రీల్స్‌లో విన్నానాంటీ" అంది. రీల్సుట! నా పద్దెనిమిదో ఏడంతా ఆ ఒక్క మాట మీద గడిచింది.

1989 వేసవి. సముద్రం ఆమడ దూరంలో ఉన్నా బందరులో ఆకు కదలదు. ఒళ్ళంతా జిడ్డు. 'గీతాంజలి' సినిమాకని హాల్లోకి వెళ్ళి కూర్చుంటే తెర నిండా ఊటీ మంచు. పీసీ శ్రీరామ్ కెమెరా చలవకి మాకు నిజంగానే చలేసినంత పనైంది. ఆ మంచులోంచి గీతాంజలి వచ్చింది. ఓణీ సర్దుకోదు, తల దించదు, అర్ధరాత్రి దెయ్యం వేషమేసి మగవాళ్ళని హడలగొడుతుంది. కుర్రాడి కళ్ళలోకి చూసి తనే అడుగుతుంది, లేచిపోదామా అని. మా ఊళ్ళలో లేచిపోవడమంటే ఆడపిల్ల మీద పడే నింద. ఎవడో తీసుకుపోతే పోయింది అనేవారు. తీసుకుపోతానని ఆడపిల్లే అనడం అదే వినడం!

మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన సినిమా అదొక్కటే. హీరోయిన్ గిరిజకేమో తెలుగు రాదు, తల్లి ఇంగ్లీషావిడ. గొంతు రోహిణిది. పాటలన్నీ వేటూరివి. మాది దివిసీమ కాబట్టి ఆయన పెదకళ్ళేపల్లి మనిషని పక్కవాళ్ళకి చెప్పకుండా ఉండలేకపోయేదాన్ని. గుడివాడ వాళ్ళ గర్వం వేరు. నాగార్జున వాళ్ళ నాన్నది రామాపురం, అంటే హీరో వాళ్ళ సొత్తే.

ఆ గుడివాడ నుంచే మా మేనత్త కొడుకు శ్రావణంలో అవనిగడ్డ పెళ్ళికొచ్చాడు. జుట్టు అచ్చం నాగార్జునలాగే పెంచాడు. తాంబూలాల పళ్ళెం పట్టుకుని వస్తున్నవాణ్ని అడ్డగించి, "లేచిపోదామా, బావా?" అన్నాను. పళ్ళెం కింద పడింది. వక్కలు ఏరుకుంటూ, "ఒసేయ్, నీకేమన్నా జబ్బా?" అన్నాడు. ఆ ముక్క మా అమ్మ చెవిన పడింది. జబ్బేం లేదు గనక వీపు చీరేసింది.

బావ తెలియక అన్నాడు గానీ, అంతకుముందే మా అమ్మమ్మ ఆ మాట అనేసింది. కళ్ళ వైద్యానికి బందరొస్తే సినిమాకి తీసుకెళ్ళాం. గీతాంజలికి గుండెజబ్బని తెలిసేసరికి హాల్లో ఆడవాళ్ళందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అమ్మమ్మ ఏడవలేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో అయినవాళ్ళని పోగొట్టుకున్న మనిషి. తెరమీద చావుకి ఆవిడ దగ్గర కన్నీళ్ళేం మిగల్లేదు. బయటికొచ్చాక రిక్షాలో మాత్రం, "అంత అల్లరి చేస్తున్నా ఆ పిల్లని ఇంట్లో గట్టిగా ఒక్క మాట అనరేమే? ఏం, జబ్బుంటేనే ఆ భాగ్యమా?" అంది.

ఇదంతా చెప్తే పిన్నిగారు ఒప్పుకున్నారా! "మీ గీతాంజలేంటే, మిస్సమ్మ సినిమాలో మా మేరీ ముందు? 1955లో, అప్పులాడికి పెళ్ళాం కానని ఇల్లు వదిలేసి, మొగుడు కానివాడి పక్కన మొగుడూపెళ్ళాల్లాగా ఉద్యోగం చేసింది మిస్సమ్మ. ఇటు నిమ్మకూరు రామారావు, అటు రామాపురం నాగేశ్వర్రావు. ఇద్దరూ మన గుడివాడ వైపు వాళ్ళే. సావిత్రి ఇద్దరినీ లెక్కచేసిందా?"

"చివరికి ఆవిడ మేరీ కాదుగా, జమీందారుగారి తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలింది" అన్నాను.

పిన్నిగారు కాసేపు ఈనెలు తీశారు. తర్వాత ఆవిడే, "అసలా వేషం భానుమతిది. కొంత తీశాక నిర్మాత చక్రపాణితో పేచీ వచ్చింది" అన్నారు. అదీ నేననేది. నిజంగా తిరగబడ్డావిడ బయటికి, తిరగబడ్డట్టు నటించే పిల్ల లోపలికి.

"హాసినికి ఏ జబ్బూ లేదు, తప్పిపోనూ లేదు" అంది మనవరాలు. ఆ హాసిని ఉన్న 2006 నాటి బొమ్మరిల్లు సినిమా దానికి మా గీతాంజలిలాగే కంఠతా వచ్చు. తల ఒకసారి తగిలితే కొమ్ములొస్తాయని రెండోసారి ఢీకొట్టుకోవడం కూడా ప్రాక్టీసు చేసిందిట. "అవునే, మరి పెళ్ళికి ముందే వారం రోజులు కాబోయే అత్తారింట్లో పరీక్షకి ఎవరిని కూచోబెట్టారు?" అన్నాను. అది మూతి ముడిచింది. దాన్ని ఏడిపించాలని కాదు. ముప్ఫై అయిదేళ్ళుగా గీతాంజలి తరఫున వాదిస్తున్నదాన్ని, చూపిన ప్రతిసారీ చూస్తాను. కానీ ఆ చివరి జబ్బు పీకేసి, పిల్లని అలాగే ఉంచి తీసిన సినిమా ఒక్కటి చూపించండి, టిక్కెట్టు నేను కొంటాను.

"ఇంతకీ ఆ గిరిజ ఏమైంది?" అని పిన్నిగారు అడిగారు. చెప్పాను. నాలుగైదు సినిమాలు చేసి, పేరు మోగుతుండగానే వదిలేసి బ్రిటన్ వెళ్ళిపోయింది. డాక్టరేటు చేసింది, జర్నలిస్టయింది. 2024లో ఒక కన్నడ సినిమాలో మళ్ళీ కనిపించింది, తీరిగ్గా.

పిన్నిగారు చిక్కుళ్ళ గిన్నె పక్కన పెట్టి, "అయితే ఆ పిల్లే నయం. ఎవర్నీ అడక్కుండా లేచిపోయింది" అన్నారు.