అంత్యయాత్రా రథాలు పుట్టిన ఊరు

పేరు పలకడంలోనే ఈ ఊరు బాటసారిని తికమక పెడుతుంది. రాతలో చూస్తే పెరూ దేశపు రాజధాని లీమా. స్థానికుల నోట మాత్రం లైమా. అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు వాయవ్య భాగాన ఒకనాడు విస్తారమైన చిత్తడినేల ఉండేది. అక్కడి మలేరియా జ్వరానికి మందైన క్వినైన్ బెరడు పెరూ నుండి వచ్చేది గనుక ఊరికి ఆ పేరు పెట్టారని చెబుతారు.

1885లో ఇక్కడ చమురు పడింది. తర్వాత ఈ ఊరి కార్ఖానాలు అడవి కొండల్లో కలప లాగే రైలింజన్లను దేశానికంతటికీ అందించాయి. 1949తో ఆవిరి యంత్రాల తయారీ ఆగిపోయింది. అయితే లైమా చేసిన మరొక వస్తువు, దేశంలోని ప్రతి చిన్న ఊరికీ ఏదో ఒకనాడు అవసరపడినదే. అది శవవాహనం.

సుపీరియర్ అనే సంస్థ 1925లో లైమాకు వచ్చి బస్సులనూ, శవవాహనాలనూ తయారు చేసింది. దక్షిణంగా గంట ప్రయాణంలో ఉన్న పిక్వా పట్టణంలో మిల్లర్-మీటియర్ సంస్థ 1979 దాకా అదే పని చేసింది. 1984లో విడుదలైన ‘గోస్ట్‌బస్టర్స్’ చిత్రంలోని తెల్లని పొడుగు బండి ఆ సంస్థ 1959లో కాడిలాక్ చట్రంపై కట్టినదే. ఆ కాలంలో చాలా ఊళ్ళలో అంబులెన్సు నడిపినది కూడా అంత్యక్రియల సంస్థే. కొన్ని బండ్లు రెండు పనులకూ పనికివచ్చేలా తయారయ్యేవి. పగలు గాయపడిన వానిని ఆసుపత్రికి చేర్చిన బండే, మరునాడు మరొకరిని శ్మశానానికి చేర్చేది.

ఆ బండ్ల అందమంతా పైకప్పులో ఉంది. పొడవైన చట్రంపై కట్టిన కప్పును ఒకే రేకుతో చేయడం కష్టం. కొన్ని రేకులను అతికి, ఆ అతుకులు కనబడకుండా పైన వినైల్ గుడ్డ పరిచేవారు. అది మన రెక్సిన్ వంటిదే. దాని కింద పలుచని మెత్త. గుర్రపు బగ్గీకి ఉండే మడత టాపును గుర్తుకు తెచ్చేలా, పక్కన ఆంగ్ల ‘ఎస్’ ఆకారపు లోహపు కమ్మీ. ఆ రకం బగ్గీకి జర్మనీలోని లాండౌ పట్టణం పేరు వచ్చింది. కమ్మీకీ అదే పేరు. బగ్గీలో ఆ కమ్మీ టాపును మడిచేది. మోటారు బండిలో అది ఉత్త అలంకారం.

అలంకారమే చివరకు చేటు తెచ్చింది. కమ్మీని బిగించిన మరల రంధ్రాల గుండా, వెనుక అద్దపు అంచు కింద, గుడ్డ కుట్ల వెంబడి వాన నీరు మెల్లగా లోపలికి దిగుతుంది. మెత్త దానిని పీల్చుకుని వదలదు. ఒహాయో చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కూడా ఆ తడితో కలుస్తుంది. గుడ్డ పైన నిగనిగలాడుతూనే ఉంటుంది. కింద ఉక్కు రేకు తుప్పు తింటూ ఉంటుంది. చేత్తో తడిమితే అక్కడక్కడ బుడిపెలు తగులుతాయి. శవపేటికను జరిపే రోలర్ల మీద తొలి నీటిచుక్క పడేనాటికే రేకుకు చిల్లు పడి ఉంటుంది.

అప్పుడు యజమాని ముందు మూడు దారులు. బండిని తుక్కుకు అమ్మడం ఒకటి. పాత గుడ్డ మీద కొత్తది అతికించి, మరొకరికి అంటగట్టడం ఇంకొకటి. మూడవది కష్టమైనది. కమ్మీలు, అంచు పట్టీలు, అవసరమైతే వెనుక అద్దమూ విప్పాలి. గుడ్డను, మెత్తను పూర్తిగా ఒలిచివేయాలి. రేకును తీగల బ్రష్షుతో, గ్రైండరుతో గీకి, తళతళలాడే లోహం కనబడేదాకా చెడిన భాగాన్ని కోసివేయాలి. తీరా చూస్తే, పిడికెడంత అనుకున్న తుప్పు మూరెడు పొడవు వ్యాపించి ఉండవచ్చు. కప్పును మోసే స్తంభాల దాకా అది పాకి ఉంటే, చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు.

సాహసించిన వారికి ఓర్పు అవసరం. నిప్పురవ్వలు పడకుండా లోపలి పట్టు తెరలను, కప్పు గుడ్డను ముందే తీసివేయాలి. పలుచని రేకు వేడికి వంకరపోతుంది గనుక కొత్త ముక్కను ఒక్కసారిగా గాక, చుక్కచుక్కగా, చోటు మార్చుతూ వెల్డింగు చేయాలి. రేకుకు రెండు వైపులా తుప్పును ఆపే ప్రైమరు పూసి, అతుకులన్నిటినీ సీలింగు పేస్టుతో మూయాలి. ఆ తర్వాతనే కొత్త గుడ్డ. ఎండలో మెత్తబడిన గుడ్డను నడిమి గీత నుండి అంచులకు సాగదీస్తూ జిగురు మీద పరుస్తారు. జిగురు పట్టుకున్న తర్వాత సవరించడానికి వీలుండదు.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవారున్నారు. 1976లో ఇటువంటి బండ్లను కాపాడేవారు ‘ప్రొఫెషనల్ కార్ సొసైటీ’ని స్థాపించుకున్నారు. వారికి ఆ బండి పాత ఇనుము కాదు. ఒక ఊరి తల్లులను, తండ్రులను చివరిసారి ఇంటి ముందు నుండి తీసుకువెళ్ళినది అదే. వారి బిడ్డలు ఇంకా ఆ ఊళ్ళో ఉన్నారు. తుప్పును కప్పిపుచ్చి అమ్మిన బండి, వారి జ్ఞాపకం మీద కూడా నీరు కార్చినట్లే.

పని ముగిసిన రోజున ఒక పరీక్ష ఉంటుంది. ఒకరు గొట్టంతో కప్పు మీద నీరు వదులుతారు. మరొకరు చేతిదీపం పట్టుకుని లోపల, ఒకనాడు శవపేటిక ఉండిన చోట, మోకాళ్ళ మీద కూర్చుని మూలమూలా చూస్తారు. వెలుపల గుడ్డ మీద నీళ్ళు దబదబ కురుస్తాయి. లోపలి మనిషి చెక్క నేల మీద అరచేయి ఆన్చి చూస్తాడు. అది పొడిగా ఉంటే, ఇక నీరు ఆపమని లోపలి నుండే కేక వేస్తాడు.