నిలబడలేని కడుపునొప్పి

మా ఏజెన్సీలో ఎక్స్‌రే గదికి అందరూ నడిచి రారు. కొందరు డోలీలో వాగు దాటి, ఆటో ఎక్కి, చివరికి స్ట్రెచర్ మీద వస్తారు. చీటీ మీద మాత్రం అందరికీ ఒకటే రాసి ఉంటుంది: కడుపు ఎక్స్‌రే, నిలబెట్టి.

ఎందుకు నిలబెట్టాలి? కడుపులో పుండు పగిలినా, టైఫాయిడ్‌తో పేగుకు చిల్లు పడినా లోపలి గాలి బయటపడి పైకి చేరుతుంది. మనిషి నిలబడితే అది డయాఫ్రం కింద నల్లటి నెలవంకలా కనిపిస్తుంది. అందుకే కడుపునొప్పికి ఛాతీ ఫిల్ము కూడా తీస్తాం. వెల్లకిలా పడుకోబెట్టి పైనుంచి తీస్తే ఆ గాలి పొట్ట ముందువైపు పరుచుకుని చాలాసార్లు కంటికి ఆనదు.

కిటుకు నిలబడడంలో లేదు, కిరణం అడ్డంగా పోవడంలో ఉంది. కూర్చోగలిగితే కూర్చోబెట్టి ఛాతీ ఫిల్ము తీస్తాను. అదీ కాకపోతే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతాను. గాలి పైకొచ్చి కుడివైపున కాలేయం పక్కన చేరుతుంది. తెల్లటి కాలేయం పక్కన నల్లటి గాలి తేలిగ్గా తెలుస్తుంది. కుడి పక్కకు తిప్పితే జీర్ణాశయంలో మామూలుగా ఉండే గాలే పైకొచ్చి తికమక పెడుతుంది. పక్కకు కూడా తిరగలేని వాళ్లను వెల్లకిలా ఉంచే, ట్యూబును పక్కకు దించి తీస్తాను.

పక్కకు తిప్పాక గాలి చేరడానికి 10 నిమిషాలు ఆగాలి. బయట లైను ఉన్నా ఆగుతాను. ఫిల్ము మీద ఏ పక్క, ఎంతసేపు అన్నది రాస్తాను.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక ఆసుపత్రిలో, లేవలేని మా కోయ పెద్దమ్మ చీటీ మీద ‘సహకరించలేదు’ అని రాసి పంపేశారు. ఏం చేయాలో ఆమెకు అర్థమయ్యే మాటలో ఎవరూ చెప్పలేదు. పైగా కదిలితే నొప్పి పెరుగుతోందంటే లోపలి పొర వాచి ఉండొచ్చు. లేవలేకపోవడమే ఆమె చెబుతున్న రోగం. నిలబడలేని వాళ్లకే ఆ ఫిల్ము ఎక్కువ అవసరం.

అందుకే ముందు కోయలో మాట్లాడతాను. నొప్పి ఎప్పటి నుంచి, ఎటు తిరిగితే ఓర్చుకోగలరు అని అడుగుతాను. వయసులో ఉన్న ఆడవాళ్లనైతే నెల తప్పిందా అని ఫిల్ము తీయకముందే అడుగుతాను. తెలుగులో అడిగితే తల దించుకునే వాళ్లు మన మాటలో నోరు విప్పుతారు.

ఫిల్ములో గాలి కనిపించనంత మాత్రాన చిల్లు లేదని కాదు. అందుకే మనిషి కదలలేకపోతోందన్న సంగతి కూడా ఫిల్ముతో పాటు డాక్టరుకు చెప్పి పంపుతాను.